అద్దాలాయన ఇంట్లో సముద్రం

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది నానమ్మ నోరు. మనిషి మంచం దిగడానికి ఇంకో అరగంట పడుతుంది.

"ఏమే పిట్టా, ఈ కంపేమిటే? ఇంట్లో ఏం చచ్చింది?"

"ఏమీ చావలేదు నానమ్మా. వెనిగర్. తొట్టి కడుగుతున్నా."

పిట్ట అంటే పిట్టంత మనిషి కాబట్టి పిట్ట. అసలు పేరు సర్టిఫికెట్లలో భద్రంగా ఉంది. సముద్ర జీవుల మీద చదువు పూర్తయింది, ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి, అయినా ఇంట్లో ఎవరూ ఆ పేరు మార్చే ఆలోచనలో లేరు.

వెనక వరండాలో నానమ్మ మంచానికీ గోడకీ మధ్య పాత దుప్పటి మీద ఆ తొట్టి పడుకుని ఉంది. మూతబడిన ఒక హోటల్లో ఎన్నాళ్ళో మూల పడి ఉన్నదాన్ని, తీసుకుపోతే చాలన్నారని ఆటోలో తెచ్చుకుంది. ఒకప్పుడు అందులో ఉప్పునీళ్ళూ పగడాలూ ఉండేవట. ఇప్పుడు అంచుల చుట్టూ తెల్లగా పేరుకున్న ఉప్పు, మూలల్లో రాయిలా గట్టిపడిన సున్నం, అడుగున ఎండిపోయిన గులాబీ రంగు పెచ్చులు మాత్రమే మిగిలాయి. ముందు పలక నిండా గీతలు. పిట్ట వెనిగర్ నీళ్ళలో తడిపిన గుడ్డలు వాటి మీద పరిచి, మెత్తబడ్డాక పాత బస్ పాస్ కార్డుతో మెల్లగా గీకుతోంది.

"బ్లేడు పెట్టి గీకితే నిమిషంలో పోదూ?" అంది నానమ్మ, కంపు సంగతి మర్చిపోయి తల బయటికి చాపి.

"బ్లేడు తగిలితే దీనికి గాయమే. ఇది అద్దం కాదు నానమ్మా, యాక్రిలిక్."

"అదే నేనూ చెబుతున్నా," అన్నాడు వెనక నుంచి నాన్న.

ఆ వీధిలో నాన్నని అందరూ అద్దాలాయన అంటారు. కిటికీ పగిలినా, పెళ్ళి ఫొటోకి ఫ్రేము కావాలన్నా ఆయన కొట్టే దిక్కు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి తొట్టి వైపు ఒకసారి చూసి పెదవి విరిచాడు. "గోరుతో గీస్తే గీత పడేదాన్ని పట్టుకుని అద్దంలా చేస్తానంటావేమిటే? ప్లాస్టిక్ ప్లాస్టిక్కే."

"చేసి చూపిస్తాగా."

"చూద్దాం. ఆదివారం మాత్రం నువ్వు కొట్టుకి రావాలి. ఒకటి చూపిస్తా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. పాపం, ఆవిడ కష్టం ఎవరికీ రాకూడదు. నాన్న రహస్యం ఆవిడకి తెలుసు, కూతురి రహస్యమూ ఆవిడకి తెలుసు. రెండూ ఒకే కడుపులో పెట్టుకుని తిరగడంతో వారం రోజులుగా ఆవిడకి అన్నం సహించడం లేదు.

కూతురి రహస్యం ఇది. ఊరి చివర చేపల ప్రదర్శనశాల ఉంది. అక్కడ తొట్లన్నిటినీ చూసుకునే మేడంని పిట్ట ఉద్యోగం అడిగింది. ఆవిడ సర్టిఫికెట్లు తెరిచి కూడా చూడలేదు. "చచ్చిపోయిన పాత తొట్టిని ఒకదాన్ని బతికించు. అందులో పగడం విచ్చుకున్న రోజు కబురు చెయ్యి, వచ్చి చూస్తా. నచ్చితే మర్నాటి నుంచే పనిలోకి రా," అంది. పిట్టకి పదేళ్ళప్పటి నుంచీ ఉన్న కోరిక ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

నాన్న కొట్లో గోనెపట్టా కింద దాచిపెట్టిన రహస్యం పిట్టకి ఆదివారం దాకా తెలియదు.

* * *

కొట్లో ఆ రోజు ముందుగా ఒక నిలువుటద్దం బయటికి వెళ్ళాల్సి ఉంది. మోసేవాళ్ళు ఇద్దరూ పక్కకి జరిగి నిలబడ్డారు, ఎందుకంటే ఆఖరి పని యజమానిదే. నాన్న స్పిరిట్‌లో తడిపిన గుడ్డ తీసి, పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టి పెద్ద పెద్ద అర్ధచంద్రాలుగా తుడుచుకుంటూ కింద కుడి మూలకి వచ్చాడు. అక్కడ వేలి కణుపుతో రెండుసార్లు టక్‌టక్‌మని కొట్టి, "వెళ్ళిరా," అన్నాడు.

ఆ కొట్లోంచి బయటికి పోయే ప్రతి అద్దానికీ అదే మర్యాద. చిన్నప్పుడు పిట్ట అడిగింది, "అద్దం తిరిగి వస్తుందా నాన్నా?" అని.

"రాకూడదు. పగిలితేనే కదా వచ్చేది."

"మరి రమ్మంటావేం?"

"ఇన్నాళ్ళు మనింట్లో ఉన్నదాన్ని పొమ్మని ఎలా అంటామే?" అన్నాడు నాన్న అప్పుడు.

నిలువుటద్దం వెళ్ళిపోయాక నాన్న కూతుర్ని లోపలికి పిలిచి గోనెపట్టా లాగేశాడు. మందపాటి గాజుపలక. దాని మీద మంచు పట్టినట్టున్న తెల్లటి అక్షరాలు: 'తండ్రి – కూతురు, అద్దాల కొట్టు'. అక్షరాలు చెక్కింది ఆయనే. సాయంత్రాలు ఇంటికి ఆలస్యంగా రావడానికి కారణం ఏమిటో పిట్టకి అప్పుడు తెలిసింది.

"ఎలా ఉంది? వచ్చే వారం కొట్టు పైన బోర్డుగా ఎక్కించేద్దాం," అన్నాడు.

పిట్ట పలక మీదకి వంగింది. బాగుందని ఊరుకుంటే ఆ పూట గడిచిపోతుంది. కానీ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూస్తే, అంచులు ఎంత నున్నగా ఉన్నాయో, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నాన్నా, నేను కొట్టుకి రాను. ఆ తొట్టి ఆడుకోడానికి తెచ్చింది కాదు." మొత్తం చెప్పేసింది. మేడం సంగతి, పందెం సంగతి, పగడం సంగతి.

నాన్న అంతా విన్నాడు. అరిస్తే బాగుండేది. గోనెపట్టా తీసి పలక మీద జాగ్రత్తగా కప్పి, "సరే. నీ ఇష్టం," అన్నాడు.

ఆ ఇంట్లో 'నీ ఇష్టం' కంటే పెద్ద తిట్టు లేదు.

* * *

తర్వాతి రోజుల్లో తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలన్నీ అమ్మ ద్వారానే నడిచాయి. "అమ్మా, నాన్నకి కాఫీ ఇవ్వు," "దానికి చెప్పు, వరండాలో లైటు వదిలేసిందని." ముగ్గురూ ఒకే గదిలో ఉన్నప్పుడు కూడా ఇదే వరస. అమ్మ విసుగెత్తి ఒకరోజు ఇద్దరికీ కలిపి ఒకే కప్పులో కాఫీ పోసి మధ్యలో పెట్టి వెళ్ళిపోయింది. అది అలాగే చల్లారిపోయింది.

పిట్ట కోపమంతా గీతల మీద చూపించింది. ముందు పలకని నీళ్ళతో తడుపుతూ, మొదట కాస్త ముతక గరుకు కాగితంతో, తర్వాత అంతకంటే సన్నదానితో, ఆ తర్వాత ఇంకా సన్నదానితో రుద్దింది. మొదటిరోజు పలకంతా పాలు పోసినట్టు తెల్లబడిపోయింది.

"గీతలు పోగొడతానని చెప్పి మొత్తం గుడ్డిదాన్ని చేశావేమే!" అని నానమ్మ గుండెలు బాదుకుంది.

"పెద్ద గీతల్ని చిన్న గీతలు చేస్తున్నా. వాటిని ఇంకా చిన్నవి. కంటికి ఆననంత చిన్నవి అయ్యాక గీతలే ఉండవు."

నానమ్మకి అది వింతగా తోచింది. ఆ తర్వాత మంచాన్ని తొట్టి వైపు తిప్పించుకుంది. ఆఖరి రోజు పిట్ట మెరుగుపెట్టే ముద్ద రాసి మెత్తటి గుడ్డతో తుడిచేసరికి, తొట్టి అవతలున్న తులసికుండీ ఆకులు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించాయి. నానమ్మ అక్కడ ఏమీ లేదనుకుని చెయ్యి చాపి వేళ్ళు కొట్టుకుంది. ఎవరూ చూడలేదని నిర్ధారించుకున్నాక ఇంకోసారి చాపింది.

"మీ అబ్బాయి చూశారా?" అని అడిగింది అమ్మ.

"నువ్వు లేనప్పుడూ అది లేనప్పుడూ వచ్చి చూస్తున్నాడు. నేను నిద్రపోతున్నాననుకుంటాడు," అంది నానమ్మ.

మర్నాడు పొద్దున తొట్టిని హాల్లోకి చేర్చాలని పిట్ట ఉత్సాహంగా లేచి వరండాలోకి వచ్చింది. పక్క నుంచి ఎండ పడుతోంది. ముందు పలక మీద ఏవో సన్నటి తళుకులు. దగ్గరికి వెళ్ళి చూసింది. పాత పింగాణీ కప్పు లోపల ఉండేలాంటి సన్నటి పగుళ్ళు పలక నిండా పాకి ఉన్నాయి. గాలిలో ఇంకా స్పిరిట్ వాసన వస్తోంది.

నాన్న హాల్లో కాఫీ తాగుతున్నాడు. కుర్చీ చేతి మీద మడిచిన గుడ్డ ఉంది.

"దానికేం రాశావు?" అంది పిట్ట. వారం తర్వాత తండ్రితో అన్న మొదటి మాట అది.

"స్పిరిట్‌తో తుడిచాను. ఏమైంది?"

"ఏమైందా? పోయింది! యాక్రిలిక్‌కి స్పిరిట్ తగిలితే పగుళ్ళిస్తుంది. కావాలనే చేశావు కదూ? నేను వెళ్ళడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పాలి గానీ, దొంగచాటుగా వచ్చి..."

"పిట్టా!" అమ్మ కేక వేసింది.

నాన్న కప్పు కింద పెట్టాడు. ఒకసారి గుడ్డ వైపు, ఒకసారి వరండా వైపు చూశాడు. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటికి వెళ్ళిపోయాడు.

"చూశావా అమ్మా, ఒక్క మాటన్నా అన్నాడా?" పిట్ట ఏడుస్తూ వరండాలో చతికిలబడింది.

నానమ్మ మంచం మీంచి నెమ్మదిగా అంది. "అన్నాడే. నీతో కాదు, దానితో అన్నాడు."

"ఏమని?"

"చీకటి విడుతుండగా వచ్చాడు. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆ గుడ్డతో తుడిచాడు. మూల దగ్గర వేలితో టక్‌టక్‌మని కొట్టి, 'వెళ్ళిరా' అన్నాడు. అద్దాలకి అంటాడే, అలాగ. కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను. చెప్పొద్దనుకున్నాను గానీ, నువ్వు నోరు పారేసుకున్నాక చెప్పక చస్తానా?"

పిట్ట ఏడుపు ఆగిపోయింది. లేచి పలక దగ్గరికి వెళ్ళింది. ఇందాక కోపంలో కనబడనిది ఇప్పుడు కనబడింది. పగుళ్ళు ఎలా పడితే అలా లేవు. పైన ఎడమ మూల నుంచి పెద్ద పెద్ద అర్ధచంద్రాలుగా దిగి, కింద కుడి మూలలో ఆగిపోయాయి.

కొట్లోంచి బయటికి పోయే వస్తువుకే ఆయన ఆ మర్యాద చేస్తాడు. ఉండిపోయే వస్తువుకి ఎప్పుడూ చెయ్యడు.

* * *

కొట్టు సగం తలుపే తీసి ఉంది. నాన్న గల్లా దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూడగానే లేచి నిలబడ్డాడు, తప్పు చేసిన పిల్లాడు టీచర్ని చూసి నిలబడ్డట్టు.

"బాగుచేసే దారి ఉందా?" అని అడిగాడు.

"నన్ను క్షమించు నాన్నా."

"అది తర్వాత. బాగవుతుందా?"

"ఆ పలక అవదు. పగుళ్ళు లోతుగా ఉన్నాయేమో కూడా తెలీదు. నీళ్ళు పోసి చూస్తే గానీ చెప్పలేను."

నాన్న తల వంచుకున్నాడు. "స్పిరిట్ తగిలితే చెడిపోయేది ఒకటుంటుందని నాకు తెలీదే. ఇన్నేళ్ళూ నేను తుడిచినవన్నీ మెరిశాయే గానీ..."

"నేను చెప్పాల్సింది. నువ్వు దాన్ని ముట్టుకుంటావని అనుకోలేదు."

"ముట్టుకోకూడదనే అనుకున్నా. కానీ అంత బాగా చేశావు. బయటికి వెళ్ళే సరుకు కళ్ళెదురుగా కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోలేదు." గల్లా మీద లేని దుమ్ము అరచేత్తో తుడిచాడు. "నిన్ను పంపేటప్పుడు ఏమనాలో నాకు తెలీలేదు పిట్టా. అద్దానికైతే తెలుసు."

పిట్ట ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన కూతురి వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. ఎడమ నుంచి కుడికే, అర్ధచంద్రంగానే. ఆయనకి వచ్చిన నిమరడం అదొక్కటే.

* * *

పిట్ట ముక్కు తుడుచుకున్నాక బుర్ర పనిచేసింది. నీళ్ళు కిందికి దిగే అర తొట్టికి పొట్టి పక్కన ఉంది కాబట్టి రెండు పొడుగు పలకల్లో దేన్నైనా ముందుకి తిప్పుకోవచ్చు. వెనక పలక ముందుకొస్తే పగుళ్ళున్నది గోడ వైపు వెళ్తుంది. ముందు అది నీళ్ళు ఆపుతుందో లేదో చూడాలి. వరండాలోనే తొట్టి నింపి వదిలేశారు. నాన్న రోజూ కొట్టుకి వెళ్ళేముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి అతుకు కిందా పొడి వేలు పెట్టి చూసేవాడు. వేలు పొడిగానే వచ్చేది. అయినా సాయంత్రం రాగానే మళ్ళీ చూసేవాడు.

తర్వాత రెండో పలక రుద్దే పని. ఈసారి పక్కన నాన్న కూడా కూర్చున్నాడు.

"మధ్యమధ్య నీళ్ళెందుకు?"

"రుద్దుడికి వేడెక్కితే కరిగి మసకేస్తుంది."

"అద్దానికి ఈ బాధ లేదు," అన్నాడు నాన్న. కానీ రుద్దడం మానలేదు. పలక తెల్లబడగానే కంగారుపడి చెయ్యి తీసేశాడు. "పాడైపోయింది కదే!"

"ఆగు నాన్నా," అన్నారు పిట్టా నానమ్మా ఒకేసారి. నానమ్మ అప్పటికి ఆ విద్యలో ఆరితేరిపోయింది.

ఆఖరి గుడ్డ తుడిచాక నాన్న ఒక కన్ను మూసి, పలక వెంబడి అంచు నుంచి అంచుకి చూశాడు. "అద్దం కాదు. కానీ ఫర్వాలేదు," అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

"ఇంకో చిన్న తొట్టి కావాలి నాన్నా. హాల్లో దీన్ని పెట్టే బీరువా లోపల ఉంచడానికి. పై నీళ్ళు అందులోకి దిగి, మూడు అరల్లోంచి పోయి శుభ్రపడి, మోటారుతో మళ్ళీ పైకెక్కాలి."

"అదీ ప్లాస్టిక్కేనా?"

"అక్కర్లేదు. అద్దంతో చేస్తే ఇంకా మంచిది."

నాన్న మొహం చూడాలి అప్పుడు.

మర్నాడు సాయంత్రమే ఆయన దాన్ని చంకలో పెట్టుకుని వచ్చాడు. నాలుగు వైపులా నున్నటి అతుకులు, మధ్యలో రెండు అడ్డపలకలు. పిట్ట దాన్ని దీపం కిందకి తిప్పింది. మొదటి అడ్డపలక మీద మంచు పట్టినట్టున్న తెల్లటి అక్షరాలు: 'కూతురు'.

అమ్మా నానమ్మా కూడా వంగి చదివారు.

"ఆ మందంలో ఇంకో ముక్క లేదు కొట్లో," అన్నాడు నాన్న, ఎవరో గదమాయించినట్టు.

"బోర్డు కోసేశావా నాన్నా?"

"అక్షరాల మీద కొయ్యలేదులే. మాటకీ మాటకీ మధ్యలో కోశాను."

"మరి 'తండ్రి'?"

"గల్లా వెనక పెట్టుకున్నాను. అక్కడే ఉంటాడు, ఎక్కడికి పోతాడు?"

అమ్మ కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

* * *

తొట్టిని హాల్లో బీరువా మీదకి చేర్చి, ఉప్పు కలిపిన నీళ్ళు పోసి, మేడం ఇచ్చిన సముద్రపు రాళ్ళు పేర్చి, మోటారు వేశారు. తర్వాత చేపలు వేస్తారని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. పిట్ట ససేమిరా అంది. నీళ్ళు ఇంకా విషమట. రాళ్ళలో ఉన్న కంటికి కనబడని జీవులు పెరిగి ఆ విషాన్ని తినెయ్యాలట. పిట్ట రోజూ చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసేది. నీళ్ళు ఆకుపచ్చగా మారితే విషం ఇంకా ఉన్నట్టే, అందరూ ఉసూరుమనేవారు.

"ఖాళీ నీళ్ళకి ఇంత కరెంటా?" అని సణిగిన నానమ్మే వాటి ముందు నుంచి కదలడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఆవిడ కేకకి ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. రాతి పగుల్లోంచి గోరంత నక్షత్రచేప ఒకటి బయటికొచ్చి పలక మీద పాకుతోంది.

"దాన్ని ఎవరు వేశారే?"

"ఎవరూ వెయ్యలేదు నానమ్మా. రాయిలోనే ఉండి ఉంటుంది. నీళ్ళు నచ్చి బయటికొచ్చింది."

ఆ వారంలోనే గాజు గొట్టంలో నీళ్ళు పసుపు రంగు దగ్గర నిలబడిపోయాయి, అంటే విషం పోయింది. పిట్ట గుండీల్లాంటి చిన్న పగడాల గుత్తి తెచ్చి రాతి మీద పెట్టింది. రెండు రోజులు అవి మొహం ముడుచుకునే ఉన్నాయి. మూడో రోజు పొద్దున నాన్న కొట్టుకి బయలుదేరబోతూ గుమ్మంలో ఆగిపోయాడు. "పిట్టా, ఇలా రా," అన్నాడు గుసగుసగా, గట్టిగా అంటే అవి భయపడతాయన్నట్టు. ఆకుపచ్చ గుండీలన్నీ విచ్చుకుని, సన్నటి వేళ్ళు చాపి నీళ్ళలో ఊగుతున్నాయి.

కబురందుకుని మేడం వచ్చింది. పగడాలని ఒక్క క్షణం చూసి, గోడ వైపు తల దూర్చి వెనక పలక మీద టార్చి వేసింది. "ఈ పగుళ్ళేమిటి?"

నాన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అది మా నాన్న చెయ్యి," అంది పిట్ట. "నీళ్ళు నింపి వదిలేసి చూశాం మేడం. ఒక్క చుక్క దిగలేదు."

మేడం వేలితో తడిమి చూసింది. "లోతు లేవు. కొన్నాళ్ళకి గులాబీ రంగు సముద్రపు నాచు పెచ్చు కట్టి వాటిని మూసేస్తుంది. నువ్వు గీకెయ్యకు." తర్వాత వంగి కింద బీరువా తలుపు తీసింది. నీళ్ళు గలగలమని అక్షరాల మీంచి జారుతున్నాయి. ఆవిడ అది చదివి, తల తిప్పి అద్దాలాయన వైపు చూసి, మళ్ళీ తలుపు మెల్లగా మూసింది. "రేపు తొమ్మిదింటికల్లా రావాలి. ఆలస్యమైతే ఊరుకోను," అంది పిట్టతో.

మర్నాడు పొద్దున పిట్ట స్కూటర్ తీసి హెల్మెట్ పెట్టుకుంది. నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డతో.

"నాన్నా, ఇదీ ప్లాస్టిక్కే!" అంది పిట్ట, హెల్మెట్ ముందున్న పలక మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

"తెలుసులేవే. ఉత్త గుడ్డ." వాసన చూడమని ముక్కు దగ్గర పెట్టాడు కూడా.

పిట్ట చెయ్యి తీసేసింది. ఆయన పైన ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి, కింద కుడి మూల దాకా తీరిగ్గా తుడిచాడు. పలక వెనక కూతురి కళ్ళు నీళ్ళతో నిండడం ఆయనకి కనబడింది. అటువైపు తుడవడం ఆయన వల్ల కాదు. వేలి కణుపుతో హెల్మెట్ మీద రెండుసార్లు టక్‌టక్‌మని కొట్టాడు.

"వెళ్ళిరా," అన్నాడు.